పీటీ సారు సీటీ పోయిన రోజులు

తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా బడిలో పొద్దున ప్రార్థనకు వార్తలు చదివే పని నాకొచ్చింది. నేను తెలివైనదాన్నని కాదు, మైకు చెడిపోయిందని. మాది బోధన్. మా వాకిట్లో పొద్దంతా మా అమ్మ (మేం అవ్వ అంటాం), నాయనమ్మ, గల్లీలోని అక్కలు గుండ్రంగా కూర్చుని బీడీలు చుడుతూ అందరూ ఒకేసారి మాట్లాడతారు. ఎవరి మాటకు ఎవరు జవాబు చెబుతున్నారో దేవుడికే తెలియాలి. ఆ గోలలో "అవ్వా, ఆకలైతుంది" అని వినిపించి అన్నం పెట్టించుకోవాలంటే గొంతు ఎలా ఉండాలో నా గొంతు అలాగే తయారైంది. ఒకసారి తెలుగు మేడం హాజరు పిలిచినప్పుడు నేను "ఉన్న మేడం" అంటే పక్క తరగతిలో ఎవరో ఉలిక్కిపడి లేచి నిలబడ్డారట.

"నీకు మైకెందుకు బిడ్డా, రేపటి సంది వార్తలు నువ్వే సదువు" అంది మేడం.

ఒప్పుకున్నాను గానీ పేపరు ఎక్కడిది? బడికి వచ్చే పేపరు ప్రార్థన అయిపోయాక ఎప్పుడో హెడ్మాస్టరు సారు గదికి చేరేది. అందుకని పొద్దున్నే చౌరస్తా దగ్గర మా నాన్న, అదే మా బాపు, నడిపే హోటల్‌కు పోయేదాన్ని. హోటల్ అంటే నాలుగు బల్లలు, ఒక పొయ్యి, ఒక పేపరు. చాయ్ తాగేవాళ్ళు మాత్రం చాలామంది. కాబట్టి ఆ పేపరు వచ్చీరాగానే ముక్కలయ్యేది. మొదటి పేజీ రిటైరైన కండక్టర్ తాతది. ఆటల పేజీ ఆటో అన్నలది. సినిమా పేజీ ఎవరిదో ఇప్పటికీ తెలియదు, అది నా కంట పడలేదు. పసుపు ధరలు వచ్చే ఏడో పేజీ మాత్రం ఎడపల్లి నుంచి వచ్చే ఒక పెద్దాయనది. ఆయన దాన్ని చదివి, మడిచి, కిందేసుకుని కూర్చునేవాడు. ఇంకెవరైనా చూస్తే ధర దిగిపోతుందని భయమేమో.

నేను కండక్టర్ తాతను బతిమాలి మొదటి పేజీ తీసుకుని బడికి పరుగెత్తాను. బడి మొత్తం వరుసల్లో నిలబడి ఉంది. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. ఎక్కడో దూరదేశాల్లో యుద్ధం ఆపడానికి ఇద్దరు పెద్ద నాయకులు కలిశారు. తలుపులు మూసుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు. బయటికొచ్చి విలేకరులతో ఏమన్నారంటే...

"మిగతా ఏడో పేజీలో" అని చదివాను.

అందరూ నా వైపే చూస్తున్నారు. ఎనిమిదో తరగతి వరుసలోంచి ఒకమ్మాయి అడిగేసింది: "ఏడో పేజీల ఏమున్నదక్కా?"

"ఏడో పేజీ మీద ఎడపల్లి పెద్దాయన కూసున్నడు" అన్నాను. ఉన్నమాటే చెప్పాను. బడి బడంతా నవ్వింది. మా హెడ్మాస్టరు సారు భయస్థుడు. ఎవరు నవ్వినా తననే అనుకుని జేబురుమాలుతో మొహం తుడుచుకుంటాడు. ఆ రోజు రెండుసార్లు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత నాకు అర్థమైంది ఏమిటంటే, లోకంలో పెద్ద పెద్ద విషయాలన్నీ మొదటి పేజీలో మొదలై ఏడో పేజీలో తేలుతాయి. మొదలు మాత్రమే తెలిసిన మనిషిగా నేను చాలా నెలలు బతికాను. ఇప్పటికీ కొన్ని దేశాల సంగతి తలచుకుంటే పాపం వాళ్ళింకా తలుపులు మూసుకుని మాట్లాడుకుంటూనే ఉన్నారనిపిస్తుంది.

సాయంత్రం ఇంటికొచ్చాక అదే పేజీ వాకిట్లో మళ్ళీ చదివేదాన్ని. బడిలో వాళ్ళు ఊరికే వింటారు. వాకిట్లో అలా కాదు, ప్రతి వార్తకూ తీర్పు ఉంటుంది.

"భూమి వేడెక్కుతుందట. దేశదేశాల పెద్దలు కూసోని మాట్లాడిండ్రట."

"ఏడ కూసున్నరు?" అంది నాయనమ్మ.

"ఏసీ హాల్ల."

"గిట్ల మన రేకుల కింద కూసోమను. ఒక్కదినంల తెగిపోతది ముచ్చట."

ఇంకో రోజు, మనుషులు చేసే పనులన్నీ ఇక కంప్యూటర్ బుర్రే చేసేస్తుందని రాశారు. నేను చాలా గంభీరంగా చదివాను. నాకు నిజంగానే భయం వేసింది. నేను పెద్దయ్యేసరికి చేయడానికి ఏ పనీ మిగలదేమోనని, మిగలకపోతే హాయిగా పడుకోవచ్చా లేక అప్పుడు కూడా అవ్వ తిడుతుందా అని. నాయనమ్మ ఒళ్ళో చాట సర్దుకుని, కత్తెరతో ఆకు కత్తిరిస్తూ అడిగింది: "గది బీడీ సుడ్తదా?"

"తెల్వదు నాయనమ్మా."

"అయితే ఇంక సానా నేర్సుకునేదున్నది దానికి."

"నేర్సుకుంటనంటె రమ్మనుండ్రి, ఆకు నేనే కత్తిరిచ్చిస్త" అంది అవ్వ.

చంద్రుడి మీద నీళ్ళున్నాయని చదివిన రోజు, ఎదురింటి అక్క బీడీకి దారం చుడుతూ చుడుతూ ఆగి, "గాడ నల్లా ఎన్ని గంటలకు ఇడుస్తరట?" అని అడిగింది. ఎవరూ నవ్వలేదు. మా గల్లీలో నల్లా నీళ్ళ సంగతి నవ్వులాట కాదు.

అన్నీ అయ్యాక చివర్లో నాయనమ్మ తప్పకుండా ఒకటే అడిగేది: "మన ఫ్యాక్టరీ గురించి ఏమన్న రాసిండ్రా?" మా తాత చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అది మూతపడి ఏళ్ళు గడిచినా నాయనమ్మ ఇప్పటికీ "మొదటి షిఫ్టు దిగే యాళ్ళకు కూర వండాలె" అంటుంది. నేను పేజీ అటూ ఇటూ తిప్పి, "లేదు నాయనమ్మా, ఏడో పేజీల ఉన్నదో ఏమో" అనేదాన్ని. "ఆఁ, గాడనే ఉంటది తియ్యి" అని మళ్ళీ ఆకు అందుకునేది.

సగం వార్తలతో బడి విసిగిపోయింది. తెలుగు మేడం పిలిచి చెప్పింది: "సూడు, రోజూ చివర్ల మన ఊరి వార్త ఒకటి కలుపు. మొదలూ తెల్వాలె, ఆఖరూ తెల్వాలె. పుస్తకంల భాషల సదువు."

అలా మొదలైంది నా స్థానిక వార్తల విభాగం. మొదటి రోజు, "మా వెనక గల్లీలో ఒక బర్రె నిన్న సాయంత్రం ఈనింది. తల్లీబిడ్డా క్షేమం" అని చదివాను. బడి చప్పట్లు కొట్టింది. యుద్ధాలకు ఎవరూ కొట్టలేదు. ఆ రోజు సాయంత్రమే బర్రెగలాయన జున్నుపాలు తీసుకుని మా ఇంటికొచ్చి, "మా బర్రె పేరు బళ్ళె సదివిందట గద" అని బాపుతో ఎంత సంబరంగా చెప్పాడంటే, బర్రెకు ర్యాంకు వచ్చిందనుకున్నారు పక్కింటివాళ్ళు.

ఇలా నా పేరు కాస్త పైకి వస్తున్న రోజుల్లోనే పీటీ సారు ఈల పోయింది.

అది మామూలు విషయం కాదు. మా బడి గంట పగిలిపోయి తట్టు తట్టుమనేది తప్ప మోగేది కాదు. అందుకని బడి మొత్తం పీటీ సారు ఈల మీదే నడిచేది. ప్రార్థనకు ఈల, పీరియడుకు ఈల, అన్నానికి ఈల. ఈల అని పుస్తకంలో అంటాం గానీ మేమంతా సీటీ అంటాం. పీటీ సారు ఎత్తుగా, లావుగా, గడప దాటాలంటే కొంచెం పక్కకు తిరిగి దాటే మనిషి. ఆ రోజు ఆయన ఖాళీ మెడతో వచ్చాడు. చప్పట్లు కొట్టాడు, ఎవరూ కదల్లేదు. చివరికి రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదాడు. చప్పుడు రాలేదు. వచ్చినదాన్ని ముందు వరుసలోని ఆరో తరగతి పిల్లలు మొహాల మీంచి తుడుచుకున్నారు.

మరునాడు నేను చదివాను: "స్థానిక వార్తలు. మన వ్యాయామ ఉపాధ్యాయుల ఈల అదృశ్యమైంది. గాలింపు కొనసాగుతోంది."

ప్రార్థన అయిపోగానే సారు నన్ను పిలిచాడు. "ఏమే, నా సీటీ ముచ్చట ఊరంత సాటింపేస్తవా?"

"పోయినదాన్ని సాటిస్తెనే గద సార్ దొర్కేది" అన్నాను.

 ఆయన కోపం మెల్లగా దిగిపోయింది. "గదీ నిజమే. అయితే రేపు జర మంచిగ సదువు. గది ఉత్త సీటీ గాదు. నేను కబడ్డీ ఆడిననాడు మా గురువు నా మెడల ఏసిండు."

"రంగేంది సార్?"

"నల్లది. పసుపుపచ్చ తాడు. తాడు మధ్యల ఎర్ర పూస ఒకటున్నది, మా బిడ్డ కట్టింది. ఊదితే సప్పుడు జర కీసగ వస్తది. అదొక్కటి సదవకు."

చదివాను. ఇక చూడాలి బడిని. కోతులే ఎత్తుకుపోయాయని ఏడో తరగతి, కాదు పది వాళ్ళే దాచారని ఎనిమిది. పదో తరగతివాళ్ళు మాత్రం నిజంగానే బాధపడ్డారు, ఎందుకంటే ఈల లేక లెక్కల సారుకు పీరియడు అయిపోయిందని తెలియడం లేదు. ఒకరోజు ఆయన అన్నం వేళ కూడా దాటించి త్రికోణమితి చెప్పాడు. ఆకలితో ఉన్నవాళ్ళకు త్రిభుజాలన్నీ సమోసాల్లా కనిపించాయట.

పిల్లలు వెతికి వెతికి ఏది దొరికితే అది తెచ్చారు. జాతరలో కొన్న గులాబీరంగు ప్లాస్టిక్ సీటీ ఒకటి తెచ్చారు. ఒక బుడ్డోడు, ఏది తెచ్చినా సీటీయే కదా అని, ఇంట్లో కుక్కర్ మీది సీటీ పీకి తెచ్చి హెడ్మాస్టరు బల్ల మీద పెట్టాడు. వాళ్ళమ్మ వెనకాలే ఉరుక్కుంటూ వచ్చింది, చేతిలో గరిటెతోనే.

"సార్, మీ సీటీ దొర్కుతదో దొర్కదో నాకు తెల్వదు. మా సీటీ మాకియ్యుండ్రి. పొయ్యి మీద పప్పున్నది!"

హెడ్మాస్టరు సారు మొహం తుడుచుకుని ఇచ్చేశాడు.

దేశంలో ఎన్ని జరిగాయో ఆ రోజుల్లో! ఎక్కడో ప్రభుత్వం పడిపోయింది, ఇంకెక్కడో లేచింది. నేను అన్నీ చదివాను, ఒక్కరూ వినలేదు. నేను ఊపిరి పీల్చుకుని "స్థానిక వార్తలు" అనగానే మాత్రం మెడలన్నీ ఒక్కసారి పైకి లేచేవి. "ఈల ఇంకా దొరకలేదు" అనగానే అందరూ కలిసి "ప్చ్" అనేవారు. అంత పెద్ద "ప్చ్" నేను మళ్ళీ వినలేదు.

సరిగ్గా అప్పుడే నిజామాబాద్ నుంచి ఒక పెద్ద ఆఫీసరు బడిని చూడ్డానికి వచ్చాడు. సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. ఆయనది హైదరాబాద్ అటువైపు అనుకుంటా, పట్నం పలుకు. ప్రార్థన మొత్తం నిలబడి విన్నాడు. ఆ రోజు మర్యాదకు స్థానిక వార్తలు వద్దని హెడ్మాస్టరు సారు ముందే నా చెవిలో చెప్పాడు కాబట్టి నేను దేశం, ప్రపంచం చదివి ఆగిపోయాను. ఆఫీసరు చాలా సంతోషించాడు. సంతోషం పట్టలేక ఒక ప్రశ్న అడిగాడు.

"పిల్లలూ, రోజూ వార్తలు వింటున్నారు కదా. ఈ వారంలో జరిగిన అన్నిటికన్నా పెద్ద సంఘటన ఏది?"

ఆరు నుంచి పది దాకా బడంతా ఒక్క గొంతుతో అరిచింది: "సీటీ పోయింది సార్!"

ఆఫీసరు మొహంలో రంగు మారింది. "ఏ సిటీ? ఎప్పుడు? భూకంపమా?"

"పీటీ సార్ సీటీ సార్!"

"ఏ దేశంలో?"

అప్పుడు ఆరో తరగతి బుడ్డోడు ఒకడు ముందుకొచ్చి, మెడలో లేని తాడును పట్టుకుని, నోటి దగ్గర పెట్టుకుని బుగ్గలు ఉబ్బించి చూపించాడు. పీటీ సారు అంత పెద్ద మనిషి, తెలుగు మేడం వెనక దాక్కోవడానికి చూశాడు. అది కుదిరే పని కాదు. హెడ్మాస్టరు సారు జేబురుమాలు వెతుక్కుంటూ, "పిల్లలు సార్, చిన్న పిల్లలు సార్" అంటున్నాడు.

ఆఫీసరు నా వైపు తిరిగాడు. "వార్తలు చదివేది నువ్వే కదమ్మా. ప్రపంచంలో ఇంత జరుగుతుంటే మీకు ఈ ఈలే ఎందుకు పెద్దదైంది?"

 అడిగాడు కదా అని చెప్పాను. "సార్, గా పెద్ద వార్తలు సగమే తెలుస్తయి సార్. తెల్సినా మేము జేసేది ఏముండదు. గిదైతే మేమే ఎతకొచ్చు. దొర్కితే మాకు టైముకు అన్నం దొర్కుతది సార్."

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. నా చదువు ఇంతటితో అయిపోయిందని, రేపటి నుంచి అవ్వ పక్కన చాట పట్టుకోవాలని నేను లోపల నిర్ణయించేసుకున్నాను. అప్పుడాయన మెల్లగా అడిగాడు: "ఆ ఈల ఎలా ఉంటుంది?"

"నల్లది సార్! పసుపుపచ్చ తాడు సార్! ఎర్ర పూస సార్!" బడి మొత్తానికి నోటికొచ్చు.

"కీచుగా మోగుతుందా?"

అది నేను ఎప్పుడూ చదవలేదు. పీటీ సారు తల పైకెత్తాడు.

"పొద్దున మీ చౌరస్తాలో నా జీపును ఒక హోంగార్డు ఆపాడు. అతని మెడలో అలాంటిదే ఉంది. చప్పుడు చెవిలో గుచ్చుకుంటే చూశాను" అన్నాడు ఆఫీసరు.

పీటీ సారు నెత్తి కొట్టుకున్నాడు. ఆ చప్పుడు ఈల కంటే బాగా వినిపించింది. "సార్! నేనే ఇచ్చిన సార్!"

అప్పుడు చెప్పుకొచ్చాడు జరిగింది. ఒకరోజు పొద్దున మహారాష్ట్ర వైపు పోయే చెరకు ట్రాక్టరు ఒకటి చౌరస్తా మధ్యలో మొరాయించిందట. బస్సులు, ఆటోలు అన్నీ ఆగిపోయాయి. హోంగార్డు ఈల కింద పడి చక్రం కింద నలిగిపోయింది. పీటీ సారు బండి దిగి సాయానికి పోయాడు. డ్రైవరుకు మరాఠీ తప్ప రాదు. "గాడు థాంబా థాంబా అని ఒర్లుతుండు సార్. ఆగుండ్రి అంటుండని నాకేమెరుక? ఖంబా అంటుండనుకోని నేను కరెంటు ఖంబా దిక్కు సూస్తున్న. గా ఆగంల నా సీటీ తీసి హోంగార్డుకిచ్చి ఊదమన్న. బడికి లేటయితుందని ఉరికొచ్చిన."

ఆఫీసరు నవ్వాడు. ఆయన నవ్వగానే హెడ్మాస్టరు సారు నవ్వాడు. హెడ్మాస్టరు సారు నవ్వడం మేమప్పుడే మొదటిసారి చూశాం, ముందు అది దగ్గనుకున్నాం.

అన్నం వేళలో పీటీ సారు చౌరస్తాకు పోతూ నన్నూ రమ్మన్నాడు. "ఆఖరు తెల్వాలె గద నీకు" అన్నాడు. హోంగార్డు అన్న మా బాపు హోటల్లో చాయ్ తాగుతున్నాడు. మెడలో పసుపుపచ్చ తాడు, ఎర్ర పూస.

"అన్నా, నా సీటీ" అన్నాడు సారు.

"మీదే సార్. మీరే ఇచ్చిండ్రు గద. నేను రోజూ మీకు దండం వెడ్తున్న, మీరు గూడ దండం వెట్టి పోతుండ్రు. ఉంచుకోమంటుండ్రనుకున్న."

"గా సప్పుడు రోజూ ఇంటనే ఉన్న. ఎవడో మంచిగ ఊదుతుండనుకున్న" అన్నాడు సారు, కొంచెం గర్వంగానే.

బాపు చాయ్ పోస్తూ నన్ను చూశాడు. నేను బల్ల వైపు చూశాను. రోజూ పొద్దున ఇక్కడే, ఈ ఈల మోత కింద కూర్చుని, "ఈల ఇంకా దొరకలేదు" అని రాసుకున్నది నేనే మరి.

హోంగార్డు అన్న తాడు తీస్తూ తీస్తూ ఆగాడు. "సార్, గిది మీకిస్తె నేనేం ఊదాలె? కొత్తది అస్తదంటుండ్రు గని ఇంక రాలె."

సారు జేబులు తడుముకున్నాడు. పిల్లలు తెచ్చిన సీటీల్లో గులాబీరంగుది అక్కడే ఉంది. హోంగార్డు అన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, రోడ్డు మీదికి పోయి ఊదాడు. అది కోడిపిల్లలా కీచుమంది. లారీ ఒకటి ఆగింది. భయపడి ఆగిందో, నవ్వడానికి ఆగిందో చెప్పలేను గానీ ఆగింది.

మరునాటికి నేను వార్త తయారుచేసుకున్నాను. ఇంట్లో వాకిట్లో రెండుసార్లు చదివి వినిపించాను కూడా. "ఈల దొరికింది" అన్నచోట కొంచెం ఆగమంది నాయనమ్మ, "అందరు నోరు దెరిసి సూడాలె" అని. ప్రార్థనలో ముందు ప్రపంచం చదివాను. ఆ ఇద్దరు నాయకులు మళ్ళీ కలుస్తారట. తర్వాత దేశం. తర్వాత, "స్థానిక వార్తలు" అని గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. బడి మొత్తం మెడలు చాచింది.

అప్పుడు వెనకనుంచి కీసుమని మోగింది. పీటీ సారు ఆగలేకపోయాడు. ఊదుతూ ఊదుతూ వరుసల మధ్య నుంచి పెళ్ళికొడుకులా నడిచొచ్చాడు. పిల్లలు ఎగిరి గంతులేశారు, పదో తరగతి వాళ్ళయితే ఒకరినొకరు కావలించుకున్నారు. నేను కాగితం పట్టుకుని అలాగే నిలబడ్డాను. మొదలూ ఆఖరూ అన్నీ ఉన్న వార్త, నా జీవితంలో మొదటిది, చదవకుండానే అందరికీ తెలిసిపోయింది.

ఏడుపొచ్చినంత పనైంది. తెలుగు మేడం నా భుజం తట్టి, "పేపరోళ్ళకు గిది మామూలే బిడ్డా" అంది. ఆ కోపంతోనే లోపలికి పోయి, ఆ రోజే ఉన్న లెక్కల పరీక్ష రాశాను. అందులో నాకెన్ని మార్కులొచ్చాయో మాత్రం స్థానిక వార్తల్లో నేనెప్పుడూ చదవలేదు.